యాదమ్మక్కకు జ్వరం

శుక్రవారం రాత్రి

పొద్దున మా పిల్లుల షెల్టర్‌లో ఇంకో పిల్లి చనిపోయింది. బర్డ్ ఫ్లూ కావచ్చు, పచ్చి కోడిమాంసం పెట్టొద్దని చెప్పి పశువుల డాక్టర్ పరీక్షకు శాంపిల్ తీసుకెళ్లాడు. ఆ పిల్లిని నిన్నంతా ఒళ్లో పెట్టుకుని చూసుకున్నది నాతో పనిచేసే యాదమ్మక్కే. సాయంత్రం ఆమెకు జ్వరం వచ్చింది.

"ఉత్త జరమే, గోలి ఏసుకుంట," అని ఇంటికి పోయే జిన్నారం బస్సుకు బయల్దేరింది.

"ఇంట్ల మనుమరాలు నీ పక్కలనే పంటది గదక్కా," అన్నాను.

అక్క సంచి కింద పెట్టేసింది. ఇద్దరం సంగారెడ్డి దవాఖానకు వెళ్లాం. ఆమెను వేరే గదిలో ఉంచారు, నన్ను ఇంటికి పంపారు.

ఇందాక ఫోన్ చేసింది. పిల్లి ఈనింది, అందుకే రాలేదని మనుమరాలికి చెప్పిందట.

"రేపొచ్చి కూనలను సూస్తనంటున్నది. ఏం జెప్పాలె?"