దొరగారి ఫింగర్ చిప్స్

తుర్కయంజాల్,
మంగళవారం, 1969.

నా బిడ్డ తీతుకు అమ్మ మల్లమ్మ ప్రార్థన చేసి రాయునది.

ఇక్కడ అందరం బాగున్నాం. తెలంగాణ గొడవకు కాలేజీలు మూసినా ఇంటికి రాకుండా దిల్‌సుఖ్‌నగర్ గదిలో నువ్వేం చేస్తున్నావో దేవునికే తెలియాలి. అది అట్లుంచు, నాకో ఆపద వచ్చింది. మిషన్ బంగళాకు కొత్త దొర వచ్చాడు. ఇరవై ఏళ్ళుగా నేను వేయించిన ఫింగర్ చిప్స్‌కు ఎవరూ వంక పెట్టలేదు. ఈయన మాత్రం వానపాముల్లా మెత్తగా ఉన్నాయన్నాడు. పట్నంలో అన్నిటికన్నా మంచివి ఎక్కడ దొరుకుతాయో, ఎట్లా చేస్తారో తెలుసుకోకపోతే వేరే వంటమనిషిని పెట్టుకుంటాడట. నా కొలువు నీ చేతిలో ఉంది.

గురువారం పొద్దున తొమ్మిదింటికే సికింద్రాబాదు వెళ్ళు. సాయంత్రం దాకా హోటళ్ళన్నీ తిరుగు. పాలు పోయడానికి వచ్చే గోపయ్యకు పొట్లం ఇస్తే ఖాళీ క్యానులో పెట్టుకొస్తాడు.

నీ మేలు కోరే,
అమ్మ.

తా.క. గురువారం కోఠీలో పెద్ద ఊరేగింపు ఉందని గోపయ్య అన్నాడు. దానితో నీకు పనిలేదు. నీ పని ఆలుగడ్డతో.


దిల్‌సుఖ్‌నగర్,
శుక్రవారం.

ప్రియమైన అమ్మకు తీతు వందనాలు.

సికింద్రాబాదులో ఏడు హోటళ్ళు తిరిగాను. ఆరింటివి గొడ్డు కూడా ముట్టదు. ఏడోదానికి బోర్డు మీద పేరు చెరిగిపోయింది కానీ వంటాయన చేయి గొప్పది. ఆ పొట్లమే పంపుతున్నాను. దొర ఏమన్నాడో వెంటనే రాయి. నీ కొలువు తలుచుకుంటే నాకు ముద్ద దిగడం లేదు.

నీ కొడుకు,
తీతు.

తా.క. అక్షరాలు వంకరగా ఉన్నాయని పరేషాన్ కాకు. కుడి చేతికి కట్టు ఉంది. పెద్దదేం కాదు.


తుర్కయంజాల్,
శనివారం.

బిడ్డా తీతూ,

కట్టు ఎందుకు? ఏం తగిలింది? మన పక్కింటి లచ్చమ్మ కొడుక్కు కూడా మొదట లాఠీ తగిలింది చేతికే. వాడు కూడా పెద్దదేం కాదనే రాశాడు. ఇప్పుడు దవాఖానలో ఉన్నాడు.

నీ చిప్స్ దొరకు నచ్చలేదు. కరకర లేదన్నాడు. సోమవారం సికింద్రాబాదు కూడా దాటి బొల్లారం వెళ్ళి చూడు. అక్కడ మిలిటరీ వాళ్ళు తినే హోటళ్ళు ఉంటాయట. పొద్దున ఏడింటికే బయలుదేరు. తొందరపడి తిరిగి రాకు.

నీ అమ్మ.

తా.క. చాదర్‌ఘాట్ దారిన పోకు, అంబర్‌పేట మీదుగా పో. ఎందుకని అడగకు.


దిల్‌సుఖ్‌నగర్,
మంగళవారం.

అమ్మకు వందనాలు.

నువ్వు చెప్పినట్టే బొల్లారం పోయొచ్చాను. పట్నం మొత్తంలో వీటిని మించినవి లేవు. వంటాయన మర్మం కూడా చెప్పాడు. బంగాళాదుంపల్ని వేలంత పొడవున కోసి, చన్నీళ్ళలో నానబెట్టి, గుడ్డ మీద ఆరబెట్టాలి. ఒకసారి సన్నని సెగ మీద వేయించి, చల్లారనిచ్చి, పెద్ద సెగ మీద మళ్ళీ వేయించాలి. ఇప్పుడైనా దొర నోరు మూస్తాడేమో చూడు.

తీతు.

తా.క. కండ్లు మండి నీళ్ళు కారుతున్నాయి. ఎక్కువ రాయలేను.


తుర్కయంజాల్,
బుధవారం.

తీతుకు,

సోమవారం పట్నమంతా బంద్. గోపయ్య కొత్తపేట దాటలేక పాలు తిరిగి తెచ్చాడు. "చాయ్ సుత దొరకలే మల్లమ్మా, ఒక్క దుకాణం తెరిస్తే ఒట్టు" అన్నాడు. నీ ఒక్కడి కోసం బొల్లారంలో హోటల్ తెరిచి, రెండుసార్లు వేయించి పెట్టారా?

రెండు పొట్లాలూ ఒకే రోజు పేపరులో చుట్టి ఉన్నాయి. ఆలుగడ్డ అనే ఇంట్లో పుట్టినవాడివి బంగాళాదుంప అని రాశావు. ఎవరితో తిరుగుతున్నావు? చేతికి కట్టు, కండ్లలో మంట. లాఠీ ఒకటి, పోలీసులు వదిలే ఆ పొగ ఒకటి. నాకు అంతా అర్థమైంది.

రేపు గోపయ్య చేతికి నిజం రాసి పంపు. లేకపోతే ఎల్లుండి వాడి సైకిలెక్కి నేనే వచ్చి, నిన్ను చెవి పట్టుకొని తీసుకొస్తాను. నాకు భయంగా ఉంది బిడ్డా. అన్నం సహించడం లేదు.

అమ్మ.

తా.క. చెవులు బాగానే ఉన్నాయి కదా?


దిల్‌సుఖ్‌నగర్,
గురువారం.

అమ్మకు తీతు వందనాలు.

నువ్వు రాకు. దారి బాగాలేదు. చెవులు బాగున్నాయి.

నేను ఏ ఊరేగింపుకూ పోలేదు. ఏ హోటలుకూ పోలేదు. పన్నెండు రోజులుగా ఈ ఇల్లే దాటలేదు. పక్క గదిలో బాపిరాజు గారని భీమవరం నుంచి వచ్చిన గుమస్తా ఉండేవారు. ఆయన తలుపు మీద ఎవరో తారుతో 'వెళ్ళిపో' అని రాశారు. మర్నాడు కిటికీలోంచి రాయి వచ్చి మంచం మీద పడింది. ఆయన్ని నా గదిలో దాచి, నేను గడప మీద కూర్చుంటున్నాను. గుంపు రెండుసార్లు వచ్చింది. "ఈ గదిల నేనొక్కన్నే ఉంటున్ననే" అని చెప్పి పంపాను.

నీ ఉత్తరం చూసి, గదిలో ఉన్న ఆలుగడ్డలతో ఆయనే వేయిస్తానన్నారు. సాయం చేయబోతే నూనె చింది నా చెయ్యి కాలింది. ఒక్కడికి ఇంత వంటేందని ఎవరన్నా అడుగుతారని కిటికీలు మూశాం. ఆ పొగకే కండ్లు మండాయి. మన రాష్ట్రం మనకు రావాలని నాకూ ఉంది. కానీ ఈయన మీద ఇంకో రాయి పడితే ఆ రాష్ట్రంలో నాకు అన్నం సహించదు.

గోపయ్యకు చెప్పకు. ఆయన నోట్లో మాట నిలవదు.

తీతు.

తా.క. అమ్మగారికి నమస్కారాలండీ, బాపిరాజునండీ. దొరగారికి కరకర చాలకపోతే రెండోసారి వేయించేముందు చిటికెడు బియ్యప్పిండి జల్లి చూడండి. మీ ఉద్యోగం పోతుందేమోనని నాకు బెంగగా ఉందండీ.


తుర్కయంజాల్,
గురువారం సాయంత్రం.

నా బిడ్డ తీతుకు, బాపిరాజు గారికి మల్లమ్మ వందనాలు.

నేను కూడా ఒక నిజం చెప్పి ప్రభువు దగ్గర తేలికపడతాను. కొత్త దొర లేడు. పాత దొర క్రిస్మస్‌కు ముందే ఓడెక్కాడు. బంగళాకు తాళం పడింది, తాళంచెవి నా కొంగున ఉంది. నువ్వు రమ్మంటే రావు, వద్దంటే పోతావు. అందుకని ఊరేగింపు ఎప్పుడుందో గోపయ్యను అడిగి, ఆ రోజంతా నిన్ను హోటళ్ళ చుట్టూ తిప్పడానికి ఒక దొరను పుట్టించాను. నువ్వేమో గడప దాటకుండానే నేను భయపడినదానికన్నా పెద్ద పని చేశావు. నాకు కోపం రావాలి, రాలేదు.

ఈ ఉత్తరం తెచ్చిన గోపయ్య వెంటే ఇద్దరూ రండి. బంగళా మీద రాయి వేసేవాడు ఈ ఊళ్ళో లేడు. గోపయ్య రెండో సైకిలు, ధోతి, తలగుడ్డ తెస్తున్నాడు. అవి బాపిరాజు గారికి. సైకిలుకు క్యాను కట్టుకొని రమ్మను, నువ్వు గోపయ్య వెనక ఎక్కు. దారిలో ఎవరు అడిగినా నోరు తెరవొద్దను. ఒక్క 'అండీ' వచ్చిందంటే ముగ్గురికీ ముప్పే.

గోపయ్య గురించి భయపడకు. బైబిలు మీద చెయ్యి పెట్టించాను. అది తన మీద పనిచేయదన్నాడు. మైసమ్మ మీద కూడా ఒట్టు వేయించాను.

మీ కోసం వాకిట్లోనే ఉంటాను.
అమ్మ.

తా.క. దొర కోసమని పంపిన పొట్లాలు రెండూ నేనే తిన్నాను. ఇరవై ఏళ్ళలో నా చేతికి అట్లాంటివి రాలేదు. ఇంక పొట్లం పంపకు, మనిషిని తీసుకురా.