మీతా దీదీ గిన్నె

మంగళవారం రాత్రి, డెలానీపూర్

పొద్దున్న కోపంలో ఒప్పేసుకున్నాను. ఇంటి ఓనరు మళ్ళీ అద్దె పెంచుతానన్నాడు. మెయిన్‌లాండ్ నుంచి మా దీవికి షిప్పు రాక బజారులో టమాటా ముట్టుకునేలా లేదు. “అన్నయ్యకి ఫోన్ చేసి శ్రీకాకుళంలో ఆ ఇల్లు పక్కా చేసీమంటావా?” అని మా ఆయన అడిగారు. “చేసీండి. ఇక్కడ మన వల్ల కాదు” అన్నాను. టీ చల్లారేలోపే అంతా అయిపోయింది.

సాయంత్రం పక్కింటి మీతా దీదీ స్టీలు గిన్నెతో వచ్చింది. “షిప్ నహీ ఆయా నా. ఆధా తుమ్ రఖో” అంటూ తను కొన్న టమాటాల్లో సగం నాకిచ్చేసింది. షిప్పు ఆలస్యమైన ప్రతిసారీ మా రెండిళ్ళ మధ్యా ఇంతే, ఏది దొరికినా చెరిసగం. పొద్దుటి సంగతి చెప్పకుండానే గిన్నె అందుకున్నాను.

ఆ ఇల్లు చూడ్డానికి శ్రీకాకుళం వెళ్ళినప్పుడు, ఎంత చవకో అని మురిసిపోయి బుట్టెడు టమాటాలు కొన్నాను. సగం కుళ్ళిపోయాయి. ఎవరి తలుపు తట్టి ఇవ్వాలో తెలియలేదు. నా మాట విని కూరలమ్మే ఆవిడ “మీరు హిందీవోళ్ళేటమ్మా?” అంది. అప్పుడైనా ఆలోచించాల్సింది.

ఆయన్ని మాత్రం ఏమనను? అక్కడి అద్దె తలుచుకుని ఇవాళ హాయిగా నిద్రపోయారు.

గిన్నె కడిగి బోర్లించాను. ఖాళీ గిన్నె తిరిగిచ్చే అలవాటు మా ఇద్దరికీ లేదు. రేపు అందులో ఏం పెట్టినా, వెళ్ళిపోతున్నామన్న మాట కూడా దానితోపాటే ఇవ్వాలి.