అల్లుడు మూసిన ఎకౌంటు

చిరంజీవి అల్లుడికి,
గోడౌన్ స్టోర్‌కీపరు, మీ మామ, దీవించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం, నా ఎకౌంటు తప్ప. హెడ్డాఫీసులో కూర్చుని కంపెనీ నెట్‌వర్క్‌కి కాపలా కాస్తున్న నువ్వే దాన్ని మూసేశావని మా మేనేజరు చెప్పాడు. సంతోషం. అమ్మాయికి నెలలు నిండాయి. పురుటికి నేను తోడుండాలంటే లీవు కావాలి, లీవు అడగాలంటే ఆ ఎకౌంటే కావాలి. ఇలాంటివి ఫోన్లో మాట్లాడకూడదని నీ రూలట కదా, అందుకే కాగితం మీద రాసి కంపెనీ వ్యానులో పంపుతున్నాను.
ఇట్లు, మీ మామ
తా.క.: నీ పెళ్ళాం నిన్ను అడిగానని చెప్పమంది. నీ నెట్‌వర్క్‌ని అడగలేదు.

పూజ్యులైన మామయ్యగారికి నమస్కారాలు.
మీరు పాస్‌వర్డ్‌ని చీటీ మీద రాసి మానిటరుకి అతికించారని తనిఖీలో తేలింది. అందుకే మూశాను. బంధుత్వం బంధుత్వమే, భద్రత భద్రతే. కంప్యూటర్లో ఎవరి పనికెంత అవసరమో అంతే హక్కు. తిరిగి తెరవాలంటే లాగిన్ అయి దరఖాస్తు పెట్టుకోండి.
ఇట్లు, మీ అల్లుడు, నెట్‌వర్క్ అధికారి
తా.క.: నేనూ లీవు పెట్టాను. రూల్స్ పాటించేవాళ్ళ దరఖాస్తులు చక్కగా కదులుతాయి.

నెట్‌వర్క్ అధికారిగారి దివ్యసముఖానికి,
ఎకౌంటు తెరవమని ఎకౌంటులోంచే అడగాలా! ఆహా, ఏం తెలివి నాయనా! ఇంటికి తాళం వేసి, తాళంచెవి లోపల పెట్టి, వచ్చి తీసుకోమన్నట్టుంది. చదవేస్తే ఉన్న మతి పోయిందని ఊరికే అన్నారా? నాకు పెద్దపెద్ద హక్కులేం వద్దు. నాకంటే ముందు ఈ సీట్లో కూర్చున్నాయనకి ఏమున్నాయో అవే ఇచ్చి పుణ్యం కట్టుకో.
ఇట్లు, అనుమతి లేని మామ
తా.క.: డాక్టరమ్మ ఈ వారమే అంటోంది. బిడ్డ నీ దరఖాస్తుల కోసం ఆగేలా లేదు.

మామయ్యగారికి నమస్కారాలు.
మీ ఉత్తరాన్నే దరఖాస్తుగా స్వీకరించాను. పాతాయన హక్కులన్నీ ఉన్నవి ఉన్నట్టు మీ పేరు మీదకి ఎక్కించాను. ఇక మీకు ఏ లోటూ ఉండదు.
ఇట్లు, మీ అల్లుడు
తా.క.: థాంక్స్ చెప్పక్కర్లేదు.

ఓరి అల్లుడా,
థాంక్సా! ఆ పాతాయన రిటైరై వెళ్ళిపోయాడయ్యా! నన్నూ రిటైర్ చేసి పారేశావు. పొద్దున్నే కార్డు పెడితే గేటు తెరుచుకోలేదు. రోజూ నాతో టీ తాగే వాచ్‌మన్, “మీరు రిటైరయ్యారు సార్, కంప్యూటర్ చెప్తోంది” అంటూ బయటే కుర్చీ వేశాడు. మేనేజరు వచ్చి వీడ్కోలు ఉపన్యాసం మొదలెట్టాడు. నా గురించి ఆయన నోట అన్ని మంచి మాటలు ఎన్నడూ వినలేదు, ఆపబుద్ధి కాలేదు. నవ్వులాట కాదు, నా ఉద్యోగం పోయేలా ఉంది. ఎవరిలాంటి హక్కులు కావాలని మళ్ళీ అడుగుతావేమో, నీలాంటివే ఇచ్చెయ్, పీడా పోతుంది!
ఇట్లు, మాజీ స్టోర్‌కీపరు
తా.క.: అమ్మాయిని ఆసుపత్రిలో చేర్చాం. పోనీలే, నాకు లీవుతో పనిలేకుండా చేశావు.

మామయ్యా,
కొంప మునిగింది! ఆసుపత్రి మాట చదివిన కంగారులో, మీరు రాసినట్టే నా హక్కులన్నీ మీకిచ్చాను. మా పైఅధికారి ఎప్పట్లాగే చదవకుండా సంతకం పెట్టాడు. అన్ని తాళాలూ ఒక్కరి చేతిలోనే ఉండాలన్నది నేను పెట్టిన రూలే, అది మర్చిపోయాను. మీకు రాగానే నాది మూసుకుపోయింది. నా లీవు కూడా లోపలే ఇరుక్కుంది. దయచేసి తెరవండి. తనకి ఎలా ఉందో ఏమో, నాకు చాలా భయంగా ఉంది మామయ్యా.
మీ అల్లుడు
తా.క.: ఆ కొత్త పాస్‌వర్డ్‌ని మానిటరుకి అతికించకండి, మీకు దణ్ణం పెడతాను.

చిరంజీవి అల్లుడికి,
సర్వాధికారి అయిన మీ మామ దీవించి రాయునది. గేటు తెరుచుకుంది. వాచ్‌మన్ లేచి నిలబడ్డాడు. మేనేజరు తన మంచి మాటలన్నీ వెనక్కి తీసుకున్నాడు. ఎకౌంటు తెరవమన్నావు, లాగిన్ అయి దరఖాస్తు పెట్టుకో. బంధుత్వం బంధుత్వమే, భద్రత భద్రతే.
నీ లీవు మాత్రం నేనే మంజూరు చేశాను, ఈ వ్యానే ఎక్కి వచ్చెయ్. ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమం. ముక్కు అచ్చం నీదే. చూడగానే నాకు ఏడుపొచ్చేసిందయ్యా.
ఇట్లు, తాతయ్య
తా.క.: ప్రస్తుతానికి నీకు బిడ్డను చూసే హక్కు మాత్రమే ఉంది. ఎత్తుకోవాలంటే మీ అత్తగారికి దరఖాస్తు పెట్టుకోవాలి. నాదింకా పెండింగులోనే ఉంది.