ఉత్త కాళ్ల ఆట

మంగఫ్, 1982 నవంబరు, శుక్రవారం రాత్రి

ఈరోజు ఖాదర్ సాబ్ మా అక్క కొడుకు రసూల్ ఆట చూశాడు. కంపెనీ ఫుట్‌బాల్ జట్టుకు ఆయనే కోచ్. జట్టులోకి తీసుకుంటే వాడికి స్టోర్లో కూర్చునే పని దొరికేది. కడపలో కాలేజీ జట్టుకు వాడే ప్రాణం. బంతి వాడి కాలికి చేరితే చాలు, జనం లేచి నిలబడేవాళ్లు.

ఇక్కడ, ఈ అరబ్బు దేశంలో, కొత్త బూట్లు వేసుకుని దిగాడు. తాకిన ప్రతిసారీ బంతి ఎటో దొర్లిపోయింది. చివరికి విసుగొచ్చి బూట్లు విప్పి ఇసుకలో పడేశాడు, ఊళ్లో ఆడినట్టే ఉత్త కాళ్లతో పరిగెత్తాడు. ఇక చూడాలి వాణ్ణి! రెండు గోల్స్ కొట్టాడు. కంపెనీ బస్సు డ్రైవర్లు కూడా ఈలలు వేశారు.

ఖాదర్ సాబ్ మాత్రం నన్ను పక్కకు పిలిచాడు. "పోరడు మస్తు ఆడుతుండు భాయ్. గానీ పోటీలల్ల బూట్లు లేకుంటే దిగనియ్యరు. బూటేస్తే కాలికి బంతి తెలుస్తలేదు. ఈ వయసుల ఇగ నేర్సుకునుడు కాదు. ఖలాస్."

ఆయన మీద కోపం తెచ్చుకుందామనుకున్నాను, రాలేదు. వాడికి ఇంకా చెప్పలేదు.

రూముకొచ్చాక రసూల్ బొబ్బలెక్కిన పాదాలు బకెట్ నీళ్లలో పెట్టుకుని అడిగాడు: "మామా, బూట్లు అలవాటయ్యేకి ఎన్ని దినాలు పడుతుంది?"

"నెల చాల్లేరా" అన్నాను. ఎందుకన్నానో...

రేపు అల్ రాయ్ గోదాములో మూటలు మోసే పనికి పోవాలి వాడు. బరువు పడినా వేళ్లు నలగకుండా అక్కడ ఇనుప మొన బూట్లు ఇస్తారు. పొద్దుగూకేదాకా విప్పనివ్వరు.