చెంబు చప్పుడు

విరుదునగర్, 12-2-1936

అన్నకు ఎతిరాజమ్మాళ్ దండాలు. నేను బాగానే ఉన్నాను. పొద్దున మా ట్రైనింగు బడిలో చూసినది నీకు వెంటనే రాయాలని కూర్చున్నాను.

"బిడ్డలు పెరిగేది కూడా ఒక చదువా?" అని నవ్వావే, ఆ పాఠంలోనే జరిగింది. టీచరమ్మ, తల్లితో వచ్చిన రెండేళ్ల పిల్లను బొమ్మల ముందు కూర్చోబెట్టి, వెనక ఇత్తడి చెంబు పడేసింది. మేమంతా అదిరిపడ్డాం. పిల్ల తల తిప్పలేదు. "ఎంత పిలిచినా పలకదు, ఒట్టి మొండిది" అంది తల్లి. "మొండి కాదమ్మా, చెవులు వినపడవు" అంది టీచరమ్మ.

నీ కూతురు జక్కమ్మను వదినె రోజూ మొండిదనే కొడుతుంది కదన్నా! పోయిన దీపావళికి టపాకాయ పక్కనే పేలినా అది ఉలిక్కిపడలేదు. ఎంత ధైర్యమో అని మనమంతా మురిసిపోయాం.

కార్డు అందగానే, దానికి కనపడకుండా వెనక నిలబడి చెంబు పడెయ్యి. తిరక్కపోతే బండి కట్టి కోవిల్‌పట్టి ఆసుపత్రికి తీసుకుపో. అంతవరకు ఎవరూ దానిమీద చెయ్యి చేసుకోవద్దు. చదువు చాలించి రమ్మన్నావు, రాను. ఇలాంటి పిల్లల్ని కనిపెట్టడమే ఇక నా పని. పత్తి ఏరడం అయిందా? అమ్మ మోకాలి నొప్పి ఎలా ఉంది?

అందరికీ నేను అడిగానని చెప్పు. జక్కమ్మకు చెప్పొద్దు, ఒళ్లో కూర్చోబెట్టుకో.