సౌనాలో కాపురం

సుపీరియర్,
ఆదివారం

ప్రియమైన వెర్నాకు,

నేను క్షేమం. నీ మోకాలి నొప్పి తగ్గిందనీ, ఓడలో అంతమందికి వండిపెడుతూ నువ్వు కూడా వేళకు తింటున్నావనీ నమ్ముతున్నాను. ఇంట్లో మిగతావాళ్ళ క్షేమం గురించి కింద రాస్తాను, కుర్చీ లాక్కుని కూర్చుని చదువు. ఈ ఉత్తరం డెట్రాయిట్ నదిలో టపా పడవ ఎక్కి, తాడు కట్టిన బకెట్లో మీ ఓడ మీదికి చేరేసరికి వారం పడుతుంది. ఫోన్లో చెప్పొచ్చు కదా అంటావు. సరస్సు మధ్య సిగ్నల్ దొరికే ఆ కాసేపట్లో నువ్వు ఏడుస్తావు, నేను అరుస్తాను, లైను తెగిపోతుంది. ఈ సంగతికి కాగితమే నయం.

ముందు నువ్వడిగినవి. చిమ్నీ శుభ్రం చేయించాను. బీట్‌రూట్లు తవ్వి సీసాల్లో ఊరబెట్టాను. ఉప్పు కాస్త ఎక్కువైంది. మా అక్క ఐలీ ఒక ముక్క నోట్లో వేసుకుని, "మంచినీళ్ళ సరస్సు పక్కన కూర్చుని సముద్రం తయారుచేశావురా తమ్ముడూ" అంది. అని, ఒక సీసా చంకన పెట్టుకుని వెళ్ళింది.

ఇక పిల్లికూన. "జబ్బని తేలాక ఇంకా ఏం చూస్తున్నావు? నేనొచ్చేలోపు దాన్ని ఎవరికైనా ఇచ్చెయ్. రేవులో జాలిపడి నీ చేతిలో పెట్టింది నేనే. నా మూలంగా మన ముసలి పిల్లి అడ్మిరల్‌కి ఏమైనా అయితే తట్టుకోలేను" అని రాశావు. అక్కడ సిరా అలుక్కుపోయి ఉంది. ఆ ముక్క చదివాక నాకు అన్నం సయించలేదు.

ఫోన్లో ముక్కలుగా విన్నది ఇప్పుడు సరిగ్గా విను. దీన్ని పిల్లుల లుకేమియా అంటారు. మనకు రాదు, పిల్లి నుంచి పిల్లికి ఉమ్ములో పోతుంది. మందు లేదు. మన పశువుల డాక్టరమ్మ ఓడెగార్డ్ ఇవన్నీ చెప్పి, "మీ పిల్లులన్నీ కలిసి తింటాయా?" అని అడిగింది.

"మా ఆవిడ ఓడలో వంటమనిషండీ. ఓడలో అందరిదీ ఒకే బల్ల, ఇంట్లో పిల్లులన్నిటికీ ఒకటే పళ్ళెం. అదే మా పద్ధతి" అని గొప్పగా చెప్పాను.

ఆమె కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "రీనో గారూ, ఇవాళ్టి నుంచి ఎవరి పళ్ళెం వాళ్ళది. కూనకి వేరే గది. తలుపు గట్టిగా పడాలి."

మన ఇంట్లో గట్టిగా పడే తలుపు ఎక్కడుంది? నేను బిగించిన తలుపులు గాలికే తెరుచుకుంటాయి. కింద మన ఆవిరి స్నానాల గది సౌనాకి, ఆవిరి బయటికి పోకుండా మా నాన్న బిగించిన తలుపొక్కటే దిక్కు. దాంతో కూన సౌనాలో దిగింది. ఐలీ చూసి నెత్తి కొట్టుకుంది.

"ఒరేయ్, మన నాన్న పుట్టింది సౌనాలో. తాతకి ఆఖరి స్నానం చేయించింది సౌనాలో. దాన్ని పిల్లికి రాసిచ్చావా?"

"పుట్టేవాళ్ళకీ పోయేవాళ్ళకీ పనికొచ్చింది కదక్కా, మధ్యలో ఉన్నదానికి పనికిరాదా?" అన్నాను.

అక్క శనివారం స్నానానికి వాళ్ళింటికి రమ్మంది. ఇప్పుడు వారం వారం తువ్వాలు భుజాన వేసుకుని ఊరంతా చూస్తుండగా వెళ్తున్నాను. కూన మాత్రం దర్జాగా ఉంది. కొయ్య బకెట్లో పడుకుంటుంది. ఆవిరిలో ఒళ్ళు తట్టుకునే బిర్చ్ చెట్టు కొమ్మల కట్టను పీచు పీచు చేసింది. తిండి బాగా తింటోంది. నేను తలుపు వేయగానే మాత్రం ఏడుపు లంకించుకుంటుంది. ఆ ఏడుపు మేడ మీదికి కూడా వినిపిస్తుంది.

నువ్వు చెప్పావని దానికి ఇల్లు వెతికాను. ఒకావిడ వచ్చి ఎత్తుకుని ముద్దాడి, "ఎన్నాళ్ళు బతుకుతుంది?" అంది. నెలలు కావచ్చు, కొన్నేళ్ళు కావచ్చు అని, డాక్టరమ్మ చెప్పిందే చెప్పాను. "అయితే వద్దులెండి" అని దించేసింది. పైకి అయ్యో అన్నాను. లోపల నాకు పండగే.

వెర్నా, ఇంతదాకా కబుర్లతో నెట్టుకొచ్చాను. ఇక చెప్పాలి. మిగతా మూడు పిల్లులకీ పరీక్ష చేయించాను. డిల్, ట్రౌట్ బాగున్నాయి, టీకాలు వేయించాను, కొన్నాళ్ళయ్యాక మళ్ళీ చూస్తారట. అడ్మిరల్‌కి ఉంది. నేను నమ్మక ఇంకోసారి చేయించాను. ఉంది.

"ఈ కూన అంటించిందా?" అని డాక్టరమ్మని అడిగాను.

"చెప్పలేనండీ. పెద్ద పిల్లులకి అంత తేలిగ్గా అంటుకోదు. అడ్మిరల్ కూడా రేవు పిల్లే కదా, తెచ్చినప్పుడు పరీక్ష చేయించారా?"

"అప్పుడు వాడు నన్ను కరిస్తే సూది నాకు వేశారు. వాడికెవరూ వేయలేదు."

"అయితే ఏళ్ళ తరబడి వాడిలోనే ఉండి ఉండొచ్చు. కూనకి తల్లి నుంచి వచ్చి ఉండొచ్చు. ఎవరి నుంచి ఎవరికో ఇక తేలదు" అంది.

కాబట్టి పాపమంతా నీ నెత్తిన వేసుకోకు. తేలని నేరానికి శిక్ష ఎందుకు? నిజానికి రేవులో నువ్వు ఏరి తెచ్చుకున్న ముగ్గురిలో ఆరోగ్యంగా ఉన్నది నేనొక్కణ్ణే. నవ్వు, పరవాలేదు. అడ్మిరల్ కూడా బాగానే తింటున్నాడు, ఎప్పటిలాగే నన్ను చూసి బుస కొడుతున్నాడు.

వాణ్ణీ వేరుగా ఉంచాలి, ఉన్నది ఒకే గది. నిన్న మధ్యాహ్నం సౌనాలో దించాను. తిండి దగ్గర తప్ప ఎవరినీ దగ్గరికి రానివ్వని ముసలాడు, డిల్ చెవి చింపినవాడు. భయపడి తోలు చేతితొడుగులు వేసుకుని పక్కనే నిలబడ్డాను. కూన వెళ్ళి వాడి తోక పట్టుకుంది. వాడు పంజా ఎత్తాడు. దాని మెడ మీద వేసి నేలకి అదిమాడు. అదిమి, దాని చెవులు నాకడం మొదలుపెట్టాడు. రెండు చెవులూ, మొహం, మెడ, ఓపిగ్గా, తల్లి చేసినట్టు. ఇన్నేళ్ళలో వాడు ఒక్క ప్రాణిని అలా నాకడం నేను చూడలేదు. నాకు ఏడుపొచ్చింది. తలుపు వేసి పైకి వచ్చాను. కింద నుంచి చప్పుడు లేదు.

కూనని ఇచ్చెయ్యమన్నావు. నీ మాట ఎప్పుడూ కాదనలేదు, ఇప్పుడూ అనను. జనవరిలో సరస్సు గడ్డకట్టి నువ్వు ఇంటికి వచ్చాక, ఆ తలుపు తీసి, వాళ్ళిద్దరినీ నీ చేత్తోనే విడదీయి. నా వల్ల కాదు.

ఇట్లు,
నీ రాక కోసం చూసే నీ ఇంటాయన,
రీనో