రెండో గోలీ

అశోక్‌నగర్,
శుక్రవారం పొద్దున

అక్క అనంతమ్మకు చెల్లెలు బాలమణి దండాలు. బావకు దండాలు. కోడలు శ్రీలతను, మనవరాలిని అడిగానని చెప్పు. అందరూ బాగున్నారా అని అడగాలి. కానీ నువ్వు మంచం మీంచి లేవడం లేదని తెలిసి ఆ మాట ఎలా రాయను?

మన ఊరి మేస్త్రీ ఎల్లయ్య మధ్యాహ్నం బస్సుకు ఊరికి వస్తున్నాడు, ఈ కాగితాలు అతని చేతికిస్తున్నాను. నేను రేపు వస్తాను. ఈ సంగతి నీ ఎదురుగా కూర్చుని చెప్పే ధైర్యం లేదక్కా. నాకంటే ముందు ఇది నీకు చేరాలి.

నేను బాగానే ఉన్నాను. ఎడమచేతికి కట్టు ఉంది, భయపడకు, రాసేది కుడిచేత్తోనే. ఇక్కడ వారం నుంచి ముసురు. హాస్టల్ పిల్లలు మంచివాళ్లు, పరీక్షల పుస్తకాలు చేత పట్టుకునే వంటింట్లోకి వచ్చి "పెద్దమ్మా, చాయ్" అంటారు. ఇంతమందికి వండుతాను గానీ, నా కంచం ముందు ఒక్కదాన్నే కూర్చుంటే ముద్ద దిగదు. అయినా బాగానే ఉన్నాను.

కిందటి దసరాకు నేను ఊరికొచ్చినప్పుడు నువ్వు "ఒంట్ల సత్తువ లేదే, పొద్దంత నిద్రొస్తది" అన్నావు. ఇద్దరిదీ థైరాయిడే, ఇద్దరిదీ ఒకే గోలీ. నేనప్పటికే రోజుకు రెండు వేసుకుంటున్నాను. ఎవరూ వేసుకోమనలేదు. పనిలో చేరిన కొత్తలో పొద్దున లేవలేక నా అంతట నేనే రెండోది మొదలుపెట్టాను. కొన్నాళ్లకు సన్నబడ్డాను, హుషారు వచ్చింది. నీకూ అదే చెప్పాను. "ఒక్కదానితోని ఏమైతదక్కా, రెండేసుకో. నన్ను జూడు, ఎట్ల ఉరుకుతున్ననో." చిక్కడపల్లిలో మందుల దుకాణంవాడు నా పాత చీటీ మీద ఎన్ని అడిగితే అన్ని ఇచ్చాడు. నెలనెలా నీకు పంపింది అవే.

తర్వాత గుండె దడ మొదలైంది. చల్లటి రోజు కూడా చెమటలు, గరిటె పట్టుకుంటే చేయి వణుకు. పని ఎక్కువై అనుకున్నాను. నీకూ దడగా ఉందని నువ్వు ఫోన్‌లో అన్నావు. "వయసయ్యిందక్కా" అని నవ్వాను.

మూడు వారాల కింద వంటింట్లో తడికి కాలు జారి చేయి ఆనించాను. అంతే, మణికట్టు విరిగింది. నారాయణగూడలో ఎముకల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లారు. కట్టు వేసి, రక్తం పరీక్షలు, ఎముకల బలం చూసే స్కాన్ చేయించింది. తర్వాతి వారం కాగితాలు చూసి తలెత్తింది.

"నిల్చున్న మనిషి పడితే ఇట్ల విరగొద్దమ్మా. రెండు గోలీలు ఎవరు రాసిన్రు?"

"ఎవరూ రాయలే మేడం."

"నెలసరి ఆగినంక ఆడవాళ్ల ఎముకలకు కాపలా తగ్గుతది. దానిమీద ఈ గోలీ ఎక్కువైతే, లోపల కట్టేపని కంటే కూలగొట్టే పని ఎక్కువ నడుస్తది. బయటికేం కనపడదు. అట్లని మొత్తం బంద్ చేయొద్దు, అదీ ప్రమాదమే. పరీక్ష చూసి నేను తగ్గిస్త." ఆగి అడిగింది, "ఇంట్లో ఇంకెవరన్న ఇట్లనే వేసుకుంటున్నరా?"

లేరన్నాను.

అబద్ధమాడానక్కా. రెండు వారాలుగా నీకు చెబుదామని రోజూ ఫోన్ తీసేదాన్ని, కూర ఏం వండావని అడిగి పెట్టేసేదాన్ని. నువ్వు రోజూ రెండు వేసుకుంటూనే ఉన్నావు.

నిన్న శ్రీలత ఫోన్ చేసింది. "చిన్నత్తమ్మా, అత్తమ్మ పొద్దుగాల దగ్గితే నడుముల కలుక్కుమన్నదట. లేస్తలేదు. రేపు ఎదురుకాళ్లతోని పుట్టిన నర్సమ్మను పిలిచి నడుము తొక్కిపిస్తం."

"వద్దు! ఎవ్వరి కాలు ఆననియ్యకు!" అని అరిచాను.

నువ్వు ఫోన్ తీసుకుని, "గంత భయమేందే? ఎప్పుడు తొక్కిపిచ్చుకుంటలేమా?" అన్నావు. నేను ఫోన్ పెట్టేశాను.

ఈ పొద్దున్నే డాక్టరమ్మ దగ్గరికి వెళ్లి నిజం చెప్పాను. ఆమె తిట్టలేదు, తిట్టినా బాగుండేది. "దగ్గుకే వెన్నుపూస విరగొచ్చు. తొక్కుడు, రుద్దుడు ఏదీ వద్దు. రెండో గోలీ ఆపమను, డాక్టర్ రాసిన ఒక్కటి మాత్రం వేసుకోమను. తొందరగా ఎక్స్‌రే తీయించండి" అంది. అక్కా, నీ పాత చీటీలు, మిగిలిన గోలీలు ఏవీ పారేయకు, ఆసుపత్రిలో చూపించాలి.

ఇంతవరకు రాసి శ్రీలతకు ఫోన్ చేశాను. నాలుగుసార్లు ఎత్తలేదు. అయిదోసారి ఎత్తింది.

"తొక్కిపియ్యలే చిన్నత్తమ్మా. గని అత్తమ్మకు కాళ్లు తిమ్మిరెక్కినయంట. గిల్లినా తెలుస్తలేదంటుంది."

వెంటనే అంబులెన్స్ పిలిచి, చెక్క మీద పడుకోబెట్టి, కదలకుండా పాలమూరు పెద్దాసుపత్రికి తీసుకురమ్మన్నాను. రేపు కాదు, నేనూ ఎల్లయ్యతో ఇదే బస్సెక్కుతున్నాను. ఉత్తరం నా చేత్తోనే ఇస్తాను. నువ్వు చదివేదాకా వార్డు బయట నిలబడతాను. లోపలికి పిలవడం, పిలవకపోవడం నీ ఇష్టం.

మీ అత్తగారికి నా దండాలు చెప్పు. నీ దీవెన అడిగే ముఖం నాకు లేదు. అయినా, చిన్నప్పటి నుంచి అడిగింది నిన్నే కాబట్టి, అడుగుతున్నాను.

నీ చెల్లె,
బాలమణి